నూట యాభై ఎనిమిది గింజలు

కెంటకీ కొండల నుంచి
1997 అక్టోబరు 5, ఆదివారం

అమ్మాయ్ టమ్రా,

నీ కార్డు ఓపల్ చేతికి అందింది. ఆవిడ దాన్ని పాటల పుస్తకంలో దాచి, ప్రార్థన అయ్యాక నా చేతిలో పెట్టింది. పాస్టరు భార్య అయ్యుండి ఇలాంటి దొంగపనులు ఎంత ఒడుపుగా చేస్తుందో! ఇకనుంచి ఉత్తరాలన్నీ ఆవిడ పేరుకే రాయి. నా ఇంటికొచ్చే పోస్టు లోవెల్ విప్పి చూస్తున్నాడు. వాగు దాటితే వాడి ఇల్లే కదా, పోస్టు బండి చప్పుడైతే చాలు, నాకన్నా ముందొచ్చి నిలబడతాడు.

నువ్వూ లెట్టీ ఒక చోట కుదురుకున్నారు, అదే పదివేలు. దవడ ఇంకా కలుక్కుమంటోందా? గట్టివి నమలకు. మొక్కజొన్న రొట్టె మజ్జిగలో నానబెట్టుకుని తిను. జూలైలో నువ్వు పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళిపోయావని ఊళ్ళో అందరూ నన్ను ఓదారుస్తున్నారు. నేనూ కళ్ళొత్తుకుంటున్నాను. నా కోడలు ప్రాణాలతో బయటపడిందని లోపల్లోపల సంతోషిస్తున్నానని ఎవరికి చెప్పుకోను?

లోవెల్ నా కొడుకే, కాదనను. కానీ నిన్ను వెతికి పట్టుకుంటాడట, పట్టుకున్న రోజున రెండు గోతులు తవ్వుతాడట. నీకొకటి, తనకొకటి. తాగి అన్న మాటయితే పట్టించుకోకపోదును. నా వంటింట్లో కూర్చుని, కాఫీలో పంచదార కలుపుకుంటూ అన్నాడు. అందుకే ఓపల్ తమ్ముడి లారీలో మీ మామయ్య రివాల్వరు పంపుతున్నాను. పోస్టులో వెయ్యకూడదట, ఆ తమ్ముడే మీ వైపు సరుకు తోలుతుంటాడు.

మీ మామయ్య పోయినా షెడ్డులో ఆయన తూటాలు చేసే సరంజామా అంతా అలాగే ఉంది. ఆయన చేతికన్నా నా చెయ్యే నిలకడ అని హోబర్ట్ తనే ఒప్పుకునేవాడు, నలుగురి ముందు కాదులే. సీసం కరిగించి, అచ్చు పోసి, తూచి, ఇత్తడి గొట్టంలో తుపాకీ మందు కొలిచి పోసి, గుండు బిగించడం నాకు రొట్టె కాల్చినంత పని. ఇప్పటికి చెయ్యి అలవాటు చేసుకోడానికి తేలికవి పంపుతున్నాను, గుండు బరువు నూట పాతిక గింజలు. పెట్టెల మీద గ్రెయిన్లు అని రాస్తారు. పూర్వం నిజంగానే గింజలు పెట్టి తూచేవాళ్ళట, అందుకని మన షెడ్డులో గింజలనే అంటాం. ఇంట్లో పెట్టుకోవలసినవి వేరే ఉన్నాయి, నూట యాభై ఎనిమిది గింజలవి. అవి తర్వాత. ముందు కళ్ళు మూసుకోకుండా కాల్చడం నేర్చుకో.

మీ అత్త
ఓర్లీన్

*

ఇండియానా
అక్టోబరు 19

అత్తయ్యా,

సామాను చేరింది. ఓపల్ గారి తమ్ముడు యాపిల్ బుట్ట అడుగున పెట్టి తెచ్చాడు. ఆయన వెళ్ళగానే తలుపు గడియపెట్టి, మంచం మీద పరిచి, చాలాసేపు ముట్టుకోలేదు. లెట్టీ మాత్రం యాపిల్స్ సగం ఖాళీ చేసింది.

నేను ముసలివాళ్ళ ఆశ్రమంలో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరాను. పని బరువే కానీ మనుషులు మంచివాళ్ళు. చిక్కల్లా ఆ యంత్రాల హోరు. వెనకనుంచి ఎవరొచ్చినా వినబడదు. మొన్న ఒకావిడ భుజం తట్టిందని తడి దుప్పటి ఆవిడ మొహాన విసిరి కేకపెట్టాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

నాతో పనిచేసే ఆవిడ అన్నకి కంకర గొయ్యి ఉంది. అక్కడ అట్ట పళ్ళేలు కర్రకి గుచ్చి కాల్చాను. మొదటి రోజు పళ్ళేనికి ఏమీ కాలేదు, కంకరకే కష్టమొచ్చింది. ఇప్పుడు తగులుతున్నాయి కానీ గురిపెట్టిన చోట కాదు, అన్నీ కిందికే పడుతున్నాయి. నా చెయ్యి అంతే కాబోలు, ఏ పనికీ సరిగ్గా రాదు.

హార్డ్‌వేరు దుకాణంలో అడిగితే ఒకాయన "తేలికదైతే జోరుగా పోతుందమ్మా, అదే తీసుకో" అన్నాడు. పక్కనున్నాయన "ఏడిశావ్, మనిషిని ఆపేది బరువే" అన్నాడు. ఇద్దరూ నన్ను మర్చిపోయి వాళ్ళలో వాళ్ళే కొట్టుకు చచ్చారు. నేను కాఫీపొడి కొనుక్కుని వచ్చేశాను. ఏది నిజమో మీరే చెప్పండి.

లెట్టీ మీ బొమ్మ గీసింది. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో తుపాకీ. పోలిక బాగానే కుదిరింది.

మీ కోడలు
టమ్రా

*

నవంబరు 2

టమ్రా,

ఇంకోసారి నీ చెయ్యి ఏ పనికీ రాదన్నావంటే నేనే బస్సెక్కి వచ్చి నీ వీపు విమానం మోత మోగిస్తాను. ఆ మాటలు నీకు నేర్పినవాడెవడో నాకు తెలుసు. తప్పు నీ చేతిది కాదు, గుండు బరువుది.

చెబుతాను, విను. ఆ రివాల్వరుకి పైనున్న గురి అటూ ఇటూ కదలదు. దాన్ని బరువైన గుండుకే సరిపెట్టి చేశారు. బరువైనది తుపాకీ గొట్టంలోంచి కాస్త నెమ్మదిగా బయటపడుతుంది. ఈలోగా తుపాకీ మూతి పైకి లేస్తుంది. అందుకని గుండు పైన తగులుతుంది. తేలికది మూతి లేవకముందే వెళ్ళిపోతుంది, కింద తగులుతుంది. కంకర గోతిలో నువ్వు నిలబడే దూరానికి రెండు వేళ్ళ తేడా ఉంటుంది. నీ చేతికి బహుమానం ఇవ్వాలి, తేలికవి ఎక్కడ పడాలో అక్కడే పడుతున్నాయి.

దుకాణంలో వాదించుకున్నవాళ్ళిద్దరిదీ సగం సగం నిజం. తేలికది జోరుగానే పోతుంది, చెయ్యి తన్నదు, మధ్యాహ్నమంతా కాల్చినా మణికట్టు నొప్పెట్టదు. అట్ట పళ్ళేనికి అది చాలు, అట్ట పళ్ళెం మన మీదికి రాదు కదా. మీదికొచ్చేవాడికి, అందులోనూ చలికోటు తొడుక్కున్నవాడికి, బరువైనదే కావాలి. మెత్తటి సీసం, మూతికి గుంట. లోపలికి దిగి, విచ్చుకుని, అక్కడే ఆగిపోతుంది. ఇలాంటివి రాయడానికి నాకేం సరదాగా లేదు. అడిగావు, చెప్పాను.

జనం చేసే పిచ్చిపని ఏమిటంటే, ఏడాది పొడుగునా తేలికవి కాల్చి, బీరువాలో బరువైనవి పెట్టుకుంటారు. అవసరం పడిన రోజున ఆ తన్నుకీ ఆ చప్పుడుకీ వాళ్ళే బిత్తరపోతారు. రెండోది పేల్చలేరు. అందుకని ఇంటివి కూడా ఒకటో రెండో కాల్చి చూసుకోవాలి. చేసింది నేనైనా సరే, కాల్చకుండా నమ్మకు. ఈ నెలలో సీసం కాచి నీకు ఆరు చేస్తాను.

లోవెల్ ఈ మధ్య తాగడం లేదు. నాకు చలికాలానికి బొగ్గు తెచ్చి పోశాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నానంతే, నీ మనసు మార్చాలని కాదు.

ఓర్లీన్

*

నవంబరు 16

అత్తయ్యా,

తాగకపోతే ఏమిటట? నా దవడ విరిగిన రోజు మీ అబ్బాయి చుక్క ముట్టలేదు. ఆదివారం మీ ఇంట్లోనే భోంచేసి వచ్చాం. దారిలో ఈల వేసుకుంటూ బండి నడిపాడు. ఇంటికొచ్చాక, మీ ఇంట్లో నేను రెండోసారి వడ్డించుకున్నానని, తన పరువు తీశానని మొదలుపెట్టాడు. మీ చేతి వంట బాగుందని తిన్నాను అత్తయ్యా. అంతే.

మీరు బాధపడతారని అప్పుడు మెట్ల మీంచి పడ్డానన్నాను. మీరు నమ్మలేదని నాకు తెలుసు, నమ్మినట్టు ఊరుకున్నారు. ఇప్పుడు ఇలా రాసుకోగలుగుతున్నాం, అది చాలు. కానీ అతని గురించి మంచి కబుర్లు మాత్రం నాకు రాయకండి. అవి చదివితే నాకు నిద్ర పట్టదు.

ఆ ఆరు ఎప్పుడు పంపుతారు? నిన్న ఆశ్రమం వెనక కెంటకీ నంబరున్న బండి కనిపించింది. ఎవరో ముసలాయన్ని చూడటానికొచ్చిన కొడుకట. అది తెలిసేలోగా నేను ఉతికే గది వెనకాల దుప్పట్ల బుట్టలో దూరి కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ళ మనిషిని, బుట్టలో! ఇంట్లో బరువైనవి ఉన్నాయని తెలిస్తే కొంచెం ధైర్యంగా ఉంటుంది. త్వరగా పంపండి.

టమ్రా

*

డిసెంబరు 7

అమ్మాయ్ టమ్రా,

ఓపల్ తమ్ముడి చేత పంపుతున్నాను. ఆరంటే ఆరు. మూతికి గుంట ఉన్నవి ఇంటికి, లేనివి సాధనకి. కలగాపులగం చెయ్యకు.

వీటిని కాల్చి పాడుచెయ్యకు. మెత్తటి సీసం దొరకడం కష్టంగా ఉంది. రివాల్వరులో పెట్టి అలాగే ఉంచు.

మంచి కబుర్లు రాయొద్దన్నావు, కానీ ఇది చెప్పకుండా ఉండలేను. పోయిన ఆదివారం లోవెల్ చర్చిలో ముందుకెళ్ళి మోకాళ్ళూనాడు. పాస్టరు తల మీద చెయ్యిపెడితే వెక్కి వెక్కి ఏడ్చాడు. చిన్నప్పుడు కుక్క చచ్చిపోయినప్పుడు అలా ఏడ్చాడు, మళ్ళీ ఇప్పుడే. ఇంటికొచ్చి నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాడు. వారమంతా మా ఇంటి కప్పు మీదా షెడ్డు మీదా రేకులు మారుస్తున్నాడు. నేను ఏమీ అడగడం లేదు నిన్ను. తల్లిని కదా, కాగితం మీదైనా ఎవరితోనో చెప్పుకోవాలి.

లెట్టీకి యాపిల్ జాము, ఊలు టోపీ పెట్టాను. టోపీ కాస్త పెద్దదయింది, పిల్ల ఎదుగుతుందిలే.

మీ అత్త

*

డిసెంబరు 21

అత్తయ్యా,

అన్నీ అందాయి. టోపీ లెట్టీ కళ్ళ మీదికి జారిపోతోంది, అయినా తియ్యనంటోంది. పడుకునేటప్పుడు కూడా అదే. దాని బడి ఫొటో ఇందులో పెడుతున్నాను. చూసి కాల్చెయ్యండి. ఫొటో అంటించిన అట్ట వెనక బడి పేరుంది, ముందు దాన్ని చింపెయ్యండి.

మీరు తిడతారు కానీ, గుంట ఉన్నవాటిలో ఒకటి కాల్చాను. కాల్చకుండా నమ్మకు అని నేర్పింది మీరే, మళ్ళీ వద్దన్నదీ మీరే. నాకు మొదటి మాటే గుర్తుండిపోయింది. చెయ్యి బాగా తన్నుతుందని కాళ్ళు ఎడంగా పెట్టుకుని, పళ్ళు బిగబట్టి పేల్చాను. తన్నలేదు అత్తయ్యా. మామూలుగానే ఉంది. గుండు కూడా పైన తగల్లేదు, తేలికవి పడే చోటే, కిందే పడింది. గూట్లోకి వెళ్ళిన పిట్టలా పాత చిల్లు పక్కనే దూరింది.

కళ్ళజోడు మార్చుకుని ఎన్నాళ్ళయింది? డబ్బాలు తారుమారయ్యాయేమో ఒకసారి చూడండి. మీకు పని పెంచుతున్నానని తిట్టుకోకండి.

పండగకి ఆశ్రమంలో పంది తొడ మాంసం పెడతారట. మీరు ఒక్కరే ఉండొద్దు, ఓపల్ గారింటికి వెళ్ళండి.

మీ టమ్రా

*

1998 జనవరి 4

టమ్రా,

నా కళ్ళు బాగానే ఉన్నాయి. డబ్బాలు మారలేదు. భయంతో పేల్చి ఉంటావు, మణికట్టు కిందికి వంగి ఉంటుంది. ఒక్క తూటాతో ఎవరికీ ఏమీ తెలియదు. తన్ను తెలియకపోవడం కూడా మామూలే, ఒళ్ళు బిగబట్టుకున్నప్పుడు తెలియదు.

మిగిలిన అయిదూ ముట్టుకోకు.

ఫొటో చాలా బాగుంది. పళ్ళూడిపోయినా నవ్వు అచ్చం హోబర్ట్‌దే.

ఓర్లీన్

*

జనవరి 18

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి నమ్మాను. నా మణికట్టుదే తప్పు అనుకున్నాను. రెండు రోజులు అద్దం ముందు నిలబడి ఖాళీ తుపాకీ పట్టుకుని మణికట్టు చూసుకున్నాను. మూడో రోజు ఒళ్ళు మండింది. ఏడేళ్ళు మీ అబ్బాయి ఇదే చెప్పాడు నాకు. గిన్నె పగిలితే నా చెయ్యి, బండి చెడితే నా చెయ్యి, నా మొహం వాస్తే అది నేను పెట్టిన చోటే తప్పు. మళ్ళీ అదే పాట మీ చేతిరాతలో చదివాను.

ఆశ్రమం వంటింట్లో చక్కెర జబ్బు వాళ్ళకి తిండి తూచి పెట్టే ముల్లు తక్కెడ ఉంది. వంటావిడ బయటికెళ్ళినప్పుడు దాని పళ్ళెంలో మీరు పంపిన గుంటవి అయిదు పెట్టాను. ముల్లు ఎక్కడుందో చూసి, అవి తీసి, సాధనవి అయిదు పెట్టాను. ముల్లు అక్కడే ఆగింది. మళ్ళీ మార్చాను. మళ్ళీ అక్కడే. ముప్ఫైమూడు గింజలు తేడా ఉండాలి ఒక్కోదానికి. మీరు చెప్పిన లెక్కే.

మీకు కళ్ళు కనిపిస్తున్నాయి. చెయ్యి నిలకడ. డబ్బాలు మారలేదు. అంటే తెలిసే చేశారు. తేలికవాటికి గుంట పెట్టి నాకు పంపారు.

నేనూ లెట్టీ ఆ తలుపు వెనక ఉంటాం. మీరెవరి ప్రాణం చూసుకున్నారు అత్తయ్యా? ఒక్క మాట రాయండి చాలు.

టమ్రా

*

జనవరి 25

అమ్మా టమ్రా,

వాడి ప్రాణం.

ఒక్క మాట అడిగావు, రాసేశాను. ఇక మిగతాది చదువుతావో చించేస్తావో నీ ఇష్టం.

నేను బరువైనవి పోశాను. ఆరూ పోశాను. తక్కెడలో పెడితే నూట యాభై ఎనిమిది గింజలకి ఒక్క వీసం అటూ ఇటూ కాలేదు. ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టాను. అప్పుడు లోవెల్ షెడ్డు కప్పు మీద రేకులు బిగిస్తున్నాడు. "అమ్మా, మేకులందించవే!" అని కేకేశాడు. వెళ్ళి నిచ్చెన మీద సగం దాకా ఎక్కి అందించాను. "పడతావ్, జాగ్రత్త" అన్నాడు. తిరిగొచ్చి కూర్చుంటే చేతులాడలేదు. చేతిలో గుండు, నెత్తిన వాడి సుత్తి చప్పుడు. ఈ గుండు ఎవరి ఒంట్లోకి పోతుందో నాకు తెలుసు కదా. ఆ ఒళ్ళు నేను కన్నది. కడుపుతీపి అంటారు, తియ్యగా ఏమీ లేదు, విషంలా ఉంది.

తేలికవాటికి బరమాతో తొలిచి గుంట పెట్టాను. తగిలితే పడతాడు, చావడు అనుకున్నాను. నువ్వు పారిపోతావు, వాడు ఆసుపత్రిలో పడుంటాడు, ఎవరూ చావకుండా గండం గడిచిపోతుంది అనుకున్నాను. నీకు రాసిందంతా, కోటు గురించీ, దిగబడటం గురించీ, నాకు గుర్తే ఉంది. తెలిసి తెలిసి నా మాటే తప్పని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మణికట్టు గురించి రాసిన అబద్ధానికి మాత్రం నన్ను ఆ దేవుడు కూడా క్షమించడు.

అసలువి ఇప్పుడు బిగించాను, ఆరు. షెడ్డులో బల్ల మీదున్నాయి. ఓపల్ తమ్ముడు వచ్చే నెల తొమ్మిదిన బయల్దేరుతున్నాడు, అతని చేతికిస్తాను. నన్ను నమ్మకు. ఆ తక్కెడలో పెట్టి చూసుకో. అప్పటిదాకా నీ తుపాకీలో ఉన్నవి అట్ట పళ్ళేనికి మాత్రమే పనికొస్తాయని గుర్తుపెట్టుకో. తలుపు తియ్యకు.

ఓర్లీన్

*

ఫిబ్రవరి 2

ఓర్లీన్ గారికి,

శుక్రవారం లెట్టీ బడికి ఒక మగమనిషి ఫోన్ చేశాడట. పిల్ల మావయ్యనన్నాడట, బడి ఎన్నింటికి వదులుతారని అడిగాడట. లెట్టీకి మావయ్య లేడని మీకూ తెలుసు. ఆ బడి పేరు ఇండియానా బయట ఒక్క మనిషి దగ్గరే ఉంది.

తూటాల సంగతి చదివి ఏడ్చాను. కోపం కూడా రాలేదు, తల్లి కదా అనుకున్నాను. ఇప్పుడు ఇది. మోకాళ్ళూనాడు, మారిపోయాడు, కూతుర్ని చూసుకోనీ అనుకున్నారా? ఒక్కసారి వాడు వెళ్ళి మాట్లాడొస్తాడులే అనుకున్నారా?

మీ తూటాలు నాకక్కర్లేదు. దుకాణంలో ఒక పెట్టె కొన్నాను, నూట యాభై ఎనిమిది గింజలవి. కాల్చి చూశాను. పైనే తగిలాయి. రేపు తెల్లారకముందే ఈ ఊరు వదిలేస్తున్నాం. ఎక్కడికో ఓపల్ గారికి కూడా చెప్పను. మీరు ఉత్తరాలు రాసే ఈ పోస్టు బాక్సు నెలాఖరు దాకా నా పేరునే ఉంటుంది, జీతం చెక్కు రావాలి కనక. నాకు ఇంకేమీ రాయకండి.

మిమ్మల్ని మా అమ్మకన్నా ఎక్కువ అనుకున్నాను.

టమ్రా

*

కౌంటీ జైలు
ఫిబ్రవరి 15, ఆదివారం

టమ్రా,

రాయొద్దన్నావు. నెలాఖరు దాకా బాక్సు ఉంటుందన్నావు కనక రాస్తున్నాను. ఇదే ఆఖరిది.

నీ ఉత్తరం ఓపల్ ఇంటికి గురువారమే వచ్చిందట. ఆదివారం ఇద్దామని పాటల పుస్తకంలో పెట్టుకుంది, ఎప్పటిలాగే. ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. సోమవారం ఇక్కడికి తెచ్చి ఊచల్లోంచి అందించింది.

ఫొటో నేను కాల్చలేదు. నువ్వు చెప్పింది చదివాను, పొయ్యి మూత కూడా తీశాను. పళ్ళూడిన ఆ నవ్వు చూసి చేతులు రాలేదు. అట్ట చింపితే మూల నలుగుతుందని అది కూడా చింపలేదు. బైబిలులో పెట్టుకున్నాను. వాడు మోకాళ్ళూనిన తర్వాత బైబిలు తీస్తాడని నాకెందుకు తట్టలేదో! చేతికివ్వలేదు, కానీ ఇచ్చినట్టే అయింది. నువ్వు రాసింది తప్పని నేను అనను.

ఆ ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున లోవెల్ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా. చిక్కుడుగింజలూ రొట్టె పెట్టాను. తిన్నాడు. "అమ్మా, ఇండియానా వెళ్తున్నా" అన్నాడు.

"ఎందుకురా?"

"నా పిల్లని తెచ్చుకోడానికి. బడి తెలిశాక ఇల్లు కనుక్కోవడం ఎంతసేపు? నాకు తెలియదనుకున్నావా, మీ అత్తాకోడళ్ళ నాటకం?"

"దాని జోలికి వెళ్ళకురా నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు పట్టుకుంటావే, లే" అని నవ్వాడు. నన్ను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు. కిటికీలోంచి చూస్తే బండిలో సీటు మీద హోబర్ట్ వేట తుపాకీ ఉంది. దుప్పుల వేట అయిపోయి రెండు నెలలు. దాని పక్కన కొత్త పార.

"పార ఎందుకురా?" అన్నాను.

"చెప్పాగా అప్పుడే" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు టమ్రా. ఉప్పు అందించమన్నట్టు.

షెరీఫుకి ఫోన్ చేశాను, వాడు పెరట్లో చేతులు కడుక్కుంటుంటే. ఎత్తినవాడు లోవెల్‌తో కలిసి చదువుకున్నవాడు. "కూతుర్ని చూడ్డానికెళ్తే నేరమా పిన్నీ?" అన్నాడు. నీ ఇంటి ఫోన్ నంబరు నా దగ్గర లేదు, ఎప్పుడూ అడగలేదు. ఉత్తరం రాస్తే నాలుగు రోజులు. వాడు చీకటి పడేలోపు నీ గుమ్మంలో ఉంటాడు. నీ తుపాకీలో ఏమున్నాయో నాకు తెలుసు, పెట్టింది నేనే. నువ్వు పేలుస్తావు, తగులుతుంది, వాడు ఆ దళసరి కోటుతో ఇంకా నడుచుకుంటూ వస్తాడు. లెట్టీ చూస్తుంటుంది. నా కళ్ళకి అది జరిగిపోయినట్టే కనిపించింది.

నువ్వు అప్పటికే ఊరు వదిలావని నాకెలా తెలుస్తుంది? బరువైనవి కొన్నావనీ నాకు తెలియదు.

షెడ్డులోకి వెళ్ళాను. నా రివాల్వరు అక్కడే ఉంది, నీకు పంపినదానికి జోడీ. నీకోసం చేసిన ఆరూ బల్ల మీదున్నాయి, అవే నింపుకుని బయటికొచ్చాను. వాడు బండి తలుపు మీద చెయ్యి వేసి, తాళం చెవులు వెతుక్కుంటున్నాడు. నా వైపు వీపు. "లోవెల్" అని పిలుద్దామనుకున్నాను. పిలిస్తే తిరుగుతాడు, తిరిగితే నావల్ల కాదు. పిలవలేదు. రెండుసార్లు పేల్చాను.

వెళ్ళి తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఏదో అడగబోయాడు. నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. షెరీఫు మనుషులొచ్చేదాకా అలాగే కూర్చున్నాను. హోబర్ట్ పక్కనే పూడ్చారట. నన్ను పంపలేదు.

నువ్వు లేని ఇంటికి వెళ్ళి, తలుపు బాది, తిట్టుకుంటూ తిరిగొచ్చేవాడేమో. ఆ ఆలోచన రోజంతా నా ఎదురుగానే కూర్చుంటోంది. వచ్చే నెల ఇంకో ఊళ్ళో పట్టుకునేవాడేమో అని కూడా అనుకుంటాను. ఏదీ నిలవదు. నువ్వు దీన్ని నీ నెత్తిన వేసుకోకు. నేను నీకు సరైనవి పంపి ఉంటే నీకూ వాడికీ మధ్య నేను నిలబడాల్సిన పని ఉండేది కాదు. నీ తలుపు దగ్గర నీ చేత జరగాల్సింది నా వాకిట్లో నా చేత జరిగింది.

నాకు లాయరుని ఇచ్చారు. చిన్నవాడు, మర్యాదస్తుడు. నిన్న కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. "ఒక్క ముక్క చెప్పండి చాలు, మిమ్మల్ని ఇంటికి పంపేస్తారు. మీ అబ్బాయి మీ మీదికొచ్చాడు. ప్రాణభయంతో పేల్చారు. వీపున తగిలిందంటే ఆఖరి క్షణంలో తిరిగాడందాం. ఇదివరకు భార్యని కొట్టినవాడు కదా, తల్లి మీద చెయ్యెత్తాడంటే ఎవరైనా నమ్ముతారు" అన్నాడు.

నమ్ముతారు. నాకూ తెలుసు. వాడు నీకు చేసినదానికి ఎవరేం అన్నా నేను నోరెత్తను, కోర్టులో అడిగితే నీ దవడ సంగతి నేనే చెబుతాను. కానీ లోవెల్ నా మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు టమ్రా. ఆ పొద్దున కూడా నన్ను పైకి లేవదీసి కూర్చోబెట్టాడు. చంపాను, అది చాలు. వాడు చెయ్యనిది కూడా వాడి మీద వేసి నేను ఇంటికి పోను. ఆ మాటే లాయరుకి చెప్పాను. కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

లోవెల్ వాళ్ళమ్మ
ఓర్లీన్